గేజి దగ్గర నిలబడటం కూడా పరిశోధనేనా?

ప్రశ్న: భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. నీటి వనరుల మీద పనిచేసే ఒక పరిశోధన సంస్థలో, కిందటి వరదల కాలం అయిపోయాక చేరాను. నదుల గురించో కరువుల గురించో ఏదైనా కొత్త సంగతి కనిపెడతానని ఆశపడ్డాను. చేస్తున్నదేమో నది ఒడ్డున మట్టం కొలిచే గేజి దగ్గరికెళ్లి నీటిమట్టం రాసుకోవడం, పరిశీలక బావుల్లోకి టేపు దించడం, సెన్సర్లు పంపిన అంకెల్లో తప్పులు ఏరడం. నాతో చదివినవాళ్లు కంప్యూటర్ మోడళ్ల మీద పేపర్లు రాస్తున్నారు. ఉపగ్రహాలు, కృత్రిమ మేధ వచ్చాక టేపు పట్టుకు తిరిగేవాళ్ల అవసరం ఇంకెంతకాలం ఉంటుంది? మోడలింగ్ బృందంలోకి రమ్మని పిలుస్తున్నారు, వెళ్లమంటారా? ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈమధ్య ఒక రాత్రి ఒక బావిలోని సెన్సర్లో మట్టం ఉన్నట్టుండి పైకి లేచి, కిందికి పడి, గంటలో మళ్లీ మామూలైపోయింది. ‘పిచ్చి రీడింగ్, తీసేయ్’ అన్నారు మా సీనియర్. తీసేశాను. అప్పట్నుంచి మనసులో పీకుతూనే ఉంది.
– ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన సంగతితోనే మొదలుపెడతాను. మిగతా ప్రశ్నలకు జవాబు చాలావరకు అందులోనే ఉంది. మనసులో పీకుతోందన్నారు చూడండి, అది చదివి నాకు సంతోషం కలిగింది. ఒక అంకెను చెరిపేసి నిమ్మళంగా ఉండగలిగేవాళ్లు ఈ రంగంలో ఉండకూడదు.

ముందు సెన్సర్ నుంచి దింపుకున్న అసలు ఫైలు వెతికి పట్టుకోండి. ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఆ ముడి రికార్డును ఎవరూ ముట్టుకోకూడదు, సరిదిద్దిన ప్రతి వేరుగా ఉండాలి. అందులో ఏ అంకె మారింది, ఎవరు మార్చారు, ఏ తేదీన, ఏ కారణంతో అన్నది రాసి ఉండాలి. అనుమానం వచ్చిన అంకె పక్కన గుర్తు పెట్టాలి తప్ప దాన్ని మాయం చేయకూడదు. మీరు ఈ వారం చేయాల్సిన పని ఇది. మీ సంస్థలో ఆ అలవాటు లేకపోతే మీతో మొదలవ్వనివ్వండి.

తర్వాత గ్రాఫులో ముల్లులా లేచిన ఆ రీడింగ్ ఎందుకొచ్చిందో వెతకండి. మొట్టమొదట గాలి పీడనం చూడాలి. బావిలోకి దించే చాలా సెన్సర్లు తమ మీదున్న మొత్తం బరువును కొలుస్తాయి. అందులో నీటి బరువుతోపాటు ఆ నీటి మీదున్న గాలి బరువూ ఉంటుంది. వాతావరణ పీడనం ఒక హెక్టోపాస్కల్ మారితే నీటిమట్టంలో దాదాపు ఒక సెంటీమీటరు మార్పు వచ్చినట్టు చూపిస్తుంది. తుపాను దాటినప్పుడు పీడనం 20 హెక్టోపాస్కల్స్ పడిందనుకోండి, ఆ లెక్కను సరిచేయకపోతే బావిలో నీరు 20 సెంటీమీటర్లు దిగిపోయినట్టే కనబడుతుంది. నిజానికి బావిలో అంత మార్పేమీ జరిగి ఉండకపోవచ్చు. ఆ తర్వాత చుట్టుపక్కల పంపులు ఆ రాత్రి ఎప్పుడు నడిచాయో, ఎప్పుడు ఆగాయో అడిగి తెలుసుకోండి. సెన్సర్ వేలాడే తీగ జారిందా, బ్యాటరీ బలహీనపడిందా, సెన్సర్ గడియారం సరైన టైములోనే ఉందా చూడండి. తీగ జారితే మట్టం ఒక్కసారిగా మారి ఆ కొత్తచోటే నిలబడిపోతుంది, మళ్లీ వెనక్కి రాదు. మీ బావిలో వచ్చింది, కాబట్టి నాకు తీగ మీద అనుమానం తక్కువ.

ఇవేవీ కాకపోతే ఆ రాత్రి ప్రపంచంలో ఎక్కడైనా పెద్ద భూకంపం వచ్చిందేమో చూడండి. నేను ఊరికే అనడం లేదు. బంకమన్ను లాంటి నీరు దూరని పొర కింద బిగుసుకుని ఉన్న భూగర్భజలంలోకి తవ్విన బావికి, భూమిలోంచి వచ్చే అలలు తెలుస్తాయి. అల దాటేటప్పుడు రాయి నొక్కుకుని మళ్లీ సడలుతుంది. నొక్కుకున్నప్పుడు నీరు బావిలోకి ఎగదన్నుతుంది, సడలినప్పుడు వెనక్కి పోతుంది. 1964లో అలాస్కాలో మహా భూకంపం వచ్చినప్పుడు వేల కిలోమీటర్ల దూరంలోని బావుల్లో నీరు ఊగిన సంగతి రికార్డులకెక్కింది. ఇక్కడ గమనించాల్సింది ఇంకోటుంది. ఆ ఊపు ఒక్కోటి సెకన్లలో వచ్చిపోతుంది. పావుగంటకొకసారి రాసుకునే సెన్సర్‌కు ఆ ఊపులో ఏదో ఒక క్షణం మాత్రమే చిక్కుతుంది. అందుకే గ్రాఫులో అది అర్థంపర్థం లేని ముల్లులా కనిపిస్తుంది, చూసినవాళ్లు పిచ్చి రీడింగ్ అంటారు. అలాంటి ముల్లు నిజమైందే అయితే ఆ బావి కింద ఎలాంటి పొర ఉందో మీకు ఖర్చులేకుండా తెలిసినట్టే. కాదని తేలినా నష్టం లేదు, ఎందుకు తీసేశామో కారణం రాయగలుగుతారు.

మీ సీనియర్‌తో తగవు పెట్టుకోమని నేను చెప్పను. ‘ఆ రాత్రి పీడనం చూశాను, పంపుల సంగతి కనుక్కున్నాను, ఇదిగో నాకు దొరికింది’ అని కాగితం చూపించి మాట్లాడండి. రోజూ వందల అంకెలు చూసేవాళ్ల నోట ‘తీసేయ్’ అన్న మాట తొందరగానే వస్తుంది. కారణం కళ్లముందు పెడితే వినేవాళ్లే ఎక్కువ.

ఇక మీ పెద్ద ప్రశ్న, ఇది శాస్త్రమా, గుమాస్తా పనా అని. నీటి శాస్త్రం మొదలైందే కొలతతో. 17వ శతాబ్దం నాటి యూరప్‌లో చాలామంది పండితులు, ఏడాది పొడవునా నదులు పారడానికి వాన సరిపోదని నమ్మేవారు. సముద్రపు నీరే భూమిలోపలి దారుల గుండా కొండల్లోకి ఎక్కి ఊటలవుతోందని వాళ్ల వాదన. పారిస్‌లో పన్నుల వ్యవహారాలు చూసిన పియర్ పెరో ఆ వాదనలోకి దిగకుండా కొలత మొదలుపెట్టాడు. సెయిన్ నది పుట్టే ప్రాంతాన్ని తీసుకుని, అక్కడ పడే వాన ఎంతో, నదిలో పారే నీరెంతో లెక్కగట్టాడు. వాన నీరు నది నీటికి దాదాపు ఆరు రెట్లుందని తేలింది. 1674లో దాన్ని అచ్చు వేయించాడు. లెక్క ముతకదే. అయినా శతాబ్దాల నమ్మకాన్ని కదిలించడానికి అది చాలింది. మరి ఆరు వంతుల్లో ఒక వంతు నదిలో పారితే మిగతా ఐదు వంతులు ఎటు పోయాయి? కొంత ఆవిరైంది, కొంత చెట్లు తాగాయి, కొంత నేలలోకి ఇంకింది. ఎంతెంత అన్నది ఒక్కో నేలకి, ఒక్కో ఏడాదికి వేరుగా ఉంటుంది. నేటి జలశాస్త్రవేత్తలు తల బద్దలుకొట్టుకునేది ఇప్పటికీ ఆ ఐదు వంతుల గురించే.

మీకు హరాల్డ్ హర్స్ట్ పేరు తెలిసే ఉంటుంది. బ్రిటన్ నుంచి ఈజిప్టుకు వెళ్లి దశాబ్దాలపాటు నైలు నది మీద పనిచేసినాయన. రిజర్వాయరు ఎంత పెద్దదైతే కరువేళ్లను దాటించగలదన్నది ఆయన తేల్చాల్సిన ప్రశ్న. కైరో దగ్గరి రోడా దీవిలో 861లో కట్టిన మట్టం కొలిచే స్తంభం ఉంది. నైలు మట్టాల లెక్కలైతే అంతకు ముందు నుంచే, 7వ శతాబ్దం నుంచే దొరుకుతున్నాయి. ఆ అంకెల్ని చదివిన హర్స్ట్‌కు ఒక విషయం కనిపించింది. నీళ్లున్న ఏళ్లు, నీళ్లు లేని ఏళ్లు నాణెం ఎగరేసినట్టు యాదృచ్ఛికంగా రావడం లేదు. మంచి ఏళ్లు గుంపుగా వస్తున్నాయి, చెడ్డ ఏళ్లూ గుంపుగానే వస్తున్నాయి. అలాంటప్పుడు మామూలు లెక్కతో కట్టిన రిజర్వాయరు చాలదు. 1951లో ఆయన ప్రచురించిన ఈ ఫలితం తర్వాత నీటిని దాటి గణితంలో, ఆర్థికశాస్త్రంలో కూడా వాడుకలోకి వచ్చింది. స్తంభం దగ్గర మట్టం చదివిన మనుషులు ఆ ఏటి పన్ను తేల్చడానికి చదివారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. ఏ ఏడాదికా ఏడాది ‘ఈ అంకె నమ్మేలా లేదు’ అని వాళ్లు చెరిపేసుకుంటూ పోయి ఉంటే హర్స్ట్‌కు చదవడానికేం మిగిలేది?

అలాగని గేజి దగ్గర చేసే ప్రతి పనీ పరిశోధనే అని మిమ్మల్ని ఊరడించను. అంకె రాసి, సంతకం పెట్టి వచ్చేస్తే అది గుమాస్తా పనే. ఆ అంకె ఎలా పుట్టింది, ఎంతవరకు నమ్మొచ్చు అని అడగడం మొదలుపెట్టిన క్షణం నుంచి అది శాస్త్రమవుతుంది. గేజి చెప్పేది మట్టం ఒక్కటే. నదిలో సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీరు పారుతోందో గేజికి తెలియదు. అది తెలియాలంటే నదికి అడ్డంగా తాడు కట్టి, వెడల్పును ఇరవై, ఇరవైఐదు ముక్కలుగా విడదీసి, ఒక్కోచోట లోతు, వేగం కొలవాలి. వేగం పైన ఎక్కువ, అడుగున రాళ్ల దగ్గర దాదాపు సున్నా. అందుకే లోతు తక్కువున్నచోట, ఉపరితలం నుంచి పదింట ఆరు వంతుల లోతులో కరెంట్ మీటర్ (నీటి వేగం కొలిచే పరికరం) పెడతారు, సగటు వేగం ఇంచుమించు అక్కడ దొరుకుతుంది. లోతెక్కువైతే రెండు లోతుల్లో పెట్టి సగటు తీస్తారు. ప్రతి చోటా కనీసం నలభై సెకన్లు ఆగాలి, ఎందుకంటే నీటి వేగం క్షణక్షణం ఊగుతూనే ఉంటుంది. అన్ని ముక్కల ప్రవాహాన్ని కూడితే ఒకే ఒక్క మట్టానికి ఒకే ఒక్క ప్రవాహం వస్తుంది. ఇలాంటివి ఎన్నో చేస్తేగానీ మట్టాన్ని ప్రవాహంగా మార్చే రేటింగ్ కర్వ్ తయారవదు. అంత కష్టపడి గీసిన గీతను ఒక్క వరద మార్చేస్తుంది. అడుగున ఇసుక కోసుకుపోయినా, కొత్తగా మేట వేసినా, అదే మట్టానికి ప్రవాహం వేరవుతుంది. మళ్లీ కొలవాల్సిందే.

బావి పనీ అంతే. ఉక్కు టేపు చివర సుద్ద రాసి దించి, తడిసిన గీత ఎక్కడుందో చదివే పాత పద్ధతి చూడటానికి మోటుగా ఉంటుంది. సెన్సర్ నెమ్మదిగా దారి తప్పుతోందా లేదా అని తేల్చేది మాత్రం ఆ టేపే. రెండుసార్లు దించి, రెండూ కొన్ని మిల్లీమీటర్ల తేడాలో కలిస్తేనే రాయండి. కలవకపోతే మూడోసారి దించండి. రెండు కొలతల మధ్య మట్టం ఒకేవైపు కదులుతోందంటే దగ్గర్లో ఎక్కడో పంపు ఆడుతోందనో, ఇప్పుడే ఆగిందనో అర్థం.

కొలవడం కన్నా కష్టమైంది, ఏం కొలవాలో నిర్ణయించుకోవడం. బంగ్లాదేశ్ అనుభవం ఈ రంగంలోకి వచ్చే ప్రతి ఒక్కరికీ తెలియాలి. చెరువుల నీటితో వచ్చే అతిసారం నుంచి జనాన్ని కాపాడాలని అక్కడ లక్షల గొట్టపుబావులు వేశారు. 1970ల నుంచి ఆ పని జోరందుకుంది. ఉద్దేశం మంచిది. నీరు తేటగా ఉంది, రుచి బాగుంది, రోగక్రిముల లెక్క బాగుంది. ఆర్సెనిక్ ఉందా అని మాత్రం చూడలేదు. 1993లో అది బయటపడేసరికి జనం ఏళ్ల తరబడి ఆ నీటినే తాగుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. దానికి ఎన్నో రెట్లున్న నీరు కోట్ల మందికి చేరింది. ఆర్సెనిక్ ఏ ఫ్యాక్టరీ నుంచో రాలేదు. నదులు మోసుకొచ్చిన మేటలో ఇనుముకు అంటుకుని ఉండేది, ఆక్సిజన్ లేని లోతుల్లో ఆ ఇనుము కరిగినప్పుడు నీటిలోకి విడుదలైంది. పక్కపక్కనున్న రెండు బావుల్లో ఒకటి మంచిది, ఒకటి విషం అవ్వడం మామూలైపోయింది. ఏ ఉపగ్రహమూ దాన్ని పైనుంచి చూడలేదు. ప్రతి బావి నుంచీ శాంపిల్ తీసి పరీక్షించాల్సి వచ్చింది. ఆ శాంపిల్ తీయడమూ తేలికేం కాదు. లోహాల కోసం తీసే నీటిలో వెంటనే యాసిడ్ కలపకపోతే అవి ఇనుముతోపాటు సీసా అడుగునో గోడకో చేరిపోతాయి, ల్యాబులో తక్కువ వస్తుంది. సీసా శుభ్రంగానే ఉందని రుజువు కోసం శుద్ధమైన నీటిని కూడా అదే సీసాల్లో నింపి, అదే దారిలో ల్యాబుకు పంపాలి. మీరు విసుక్కునే ఈ తంతు అంతా ఒక కుటుంబం ఆ నీరు తాగొచ్చా వద్దా అని చెప్పడం కోసమే.

ఉపగ్రహాల సంగతి. వాటి మీద నాకు గౌరవం ఉంది. 2002లో పంపిన గ్రేస్ జంట ఉపగ్రహాలు ఒకదాని వెనక ఒకటి దాదాపు 220 కిలోమీటర్ల దూరంలో తిరుగుతూ, మధ్య దూరంలో మైక్రాన్ల పాటి తేడాను కూడా పట్టుకున్నాయి. కింద నీరు పెరిగినా తరిగినా భూమి ఆకర్షణ కొంచెం మారుతుంది, ఆ మార్పుకి ఆ దూరం మారుతుంది. అలా పెద్ద పెద్ద ప్రాంతాల్లో భూగర్భజలం ఎలా అడుగంటుతోందో ప్రపంచానికి చూపించాయి. 2017లో అవి ఆగిపోతే 2018లో వాటి వారసుల్ని పంపారు. అయితే అవి చూసేది వందల కిలోమీటర్ల వెడల్పున్న ముక్కల్ని. పైగా నేల తేమ, మంచు, చెరువులు, భూగర్భజలం అన్నీ కలిపిన మొత్తమే వాటికి తెలుస్తుంది. అందులోంచి భూగర్భజలం వాటాను విడదీయాలంటే మిగతావాటి లెక్క కావాలి. విడదీశాక వచ్చిన జవాబు సరైందా అని తేల్చడానికి మళ్లీ మీరు టేపు దించిన బావుల రికార్డే కావాలి.

కృత్రిమ మేధ కూడా అంతే. వరద ముందస్తు హెచ్చరికల్లో అది ఇప్పటికే బాగా పనికొస్తోంది, దాన్ని తక్కువ చేయను. కానీ ప్రవాహాన్ని అంచనా కట్టే మోడల్‌కు ‘ఇదే నిజం’ అని చూపించి నేర్పేది రేటింగ్ కర్వ్ నుంచి వచ్చిన అంకెల్నే. గీత తప్పైతే మోడల్ ఆ తప్పును నమ్మకంగా నేర్చుకుంటుంది. అన్నిటికన్నా ఎక్కువ తప్పుండేది వరద అంకెల్లో. పెద్ద వరదలో కొలిచేవాళ్లు తక్కువ కాబట్టి చాలాచోట్ల గీతను పైకి అలా పొడిగించేసి ఊరుకుంటారు. వంతెన ఎత్తు, ఆనకట్ట గేట్ల సంఖ్య తేలేది ఆ పైనున్న కొద్దిపాటి అంకెల మీదే. ‘వందేళ్లకొకసారి వచ్చే వరద’ అంటాం. ఆ మాట విని వచ్చే వందేళ్లు నిశ్చింత అనుకుంటారు జనం. ఏ ఏడాదైనా అది రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని దానర్థం. ముప్ఫై ఏళ్లు నివసించే ఇంటికి ఆ వరద కనీసం ఒక్కసారైనా తగిలే అవకాశం నూటికి 26. అంత బరువు మోసే లెక్కలో అసలు వరదను నిజంగా కొలిచిన అంకెలు ఎన్నున్నాయో చూస్తే గుండె గుభేలుమంటుంది.

అందుకే మీ చివరి ప్రశ్నకు నా జవాబు ఇది. మోడలింగ్‌లోకి వెళ్లండి, కానీ ఇప్పుడే కాదు. వరదల కాలం అయిపోయాక చేరానన్నారు, అంటే మీరు ఇంకా ఒక్క వరదనూ కొలవలేదు. ఒక పూర్తి వరదకాలం గేజి దగ్గరే ఉండండి. ఒక్కమాట గట్టిగా చెబుతున్నాను, అంకె కోసం వరద నీళ్లలో కాలు పెట్టొద్దు. వంతెన మీది నుంచి రాడార్‌తో ఉపరితల వేగం కొలవొచ్చు. లేదంటే కొట్టుకొచ్చే కట్టె ముక్క తెలిసిన దూరాన్ని ఎన్ని సెకన్లలో దాటుతోందో చూసి, ఆ వేగాన్ని దాదాపు 0.85తో గుణించినా సగటు వేగానికి దగ్గరగా వస్తుంది. అదీ కుదరకపోతే ఒడ్డున ఉండిపోండి. నీరు తీసిన మర్నాడే వెళ్లి గోడల మీది బురద గీతల్ని, కంచెలకు చిక్కుకున్న చెత్తను సర్వే చేయండి. వాటి ఎత్తు, వాలు, నది అడ్డుకోత (ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నది ఆకారం) కొలిస్తే శిఖర ప్రవాహాన్ని, అంటే వరద అన్నిటికన్నా ఎక్కువున్నప్పటి ప్రవాహాన్ని, వెనక్కి లెక్కగట్టొచ్చు. వాన పడితే ఆ గుర్తులు చెరిగిపోతాయి, ఆలస్యం చేయకండి.

ఈలోగా ఖాళీ దొరికినప్పుడల్లా గణాంకశాస్త్రం గట్టిగా చదవండి, ప్రోగ్రామింగ్ నేర్చుకోండి. మీరు కొలుస్తున్న చిన్న నదికే ఒక చిన్న మోడల్ కట్టి చూడండి. అది ఎక్కడ తప్పుతుందో మీకు తెలిసినట్టు, ఆ నదిని ఎన్నడూ చూడనివాళ్లకు తెలియదు. ఏ మట్టం దగ్గర ఒడ్డు పొర్లుతుందో, ఏ నెలలో నాచు పెరిగి గేజి మట్టాన్ని ఉత్తినే పైకి ఎత్తుతుందో మీ కళ్లతో చూసి ఉంటారు. మీ స్నేహితుల పేపర్లకన్నా ఏడాదో రెండేళ్లో ఆలస్యంగా మీది రావొచ్చు. రానివ్వండి.

ఆ బృందం అప్పటిదాకా ఆగలేనంటే ఇప్పుడే చేరండి, తప్పు లేదు. కానీ ఏడాదిలో కొన్ని వారాలు క్షేత్రంలో పనిచేసే వీలుండాలని ముందే మాట్లాడుకోండి. చేరేముందు బృందం పెద్దను ఒక ప్రశ్న అడగండి: ‘మన మోడల్ వాడే వరద ప్రవాహాల్లో నిజంగా కొలిచినవి ఎన్ని, గీతను పొడిగించి రాసినవి ఎన్ని?’ వెంటనే లెక్క చెప్పినా, ‘చూసి చెబుతాను’ అని నిజంగానే చూసి చెప్పినా ఆ బృందంలో చేరండి. అది అనవసరమైన ప్రశ్న అంటే మాత్రం ఇంకో బృందం కోసం చూడండి.